షుగర్ ఎంత ఉంటే మామూలు?

రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే మన ఇళ్లలో చాలామంది మనసులో వేసుకునే లెక్క ఒకటుంది: 80 నుంచి 120 లోపల ఉంటే భయం లేదు. ఈ లెక్క ఎక్కడిదని వెతికితే దాదాపు నూరేళ్లు వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. 1920 ప్రాంతంలో హార్వర్డ్‌లో ఒట్టో ఫోలిన్, హ్సియెన్ వూ రక్తంలో చక్కెరను కొలిచే రసాయన పద్ధతి ఒకటి తయారుచేశారు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు కొన్నేళ్ల తర్వాత పరిశోధనకు చేరింది ఫోలిన్ అధిపతిగా ఉన్న ఆ విభాగంలోనే. ఫోలిన్–వూ పద్ధతికి ఒక లోపం ఉండేది. గ్లూకోజ్‌తోపాటు రక్తంలోని ఇంకొన్ని పదార్థాలను కూడా అది చక్కెర కిందే జమకట్టేది. దాంతో అసలు ఉన్నదానికంటే 20 వరకు ఎక్కువ చూపేది. ఆ పద్ధతి వాడిన కాలపు పాఠ్యపుస్తకాల్లో పరగడుపు చక్కెర 80–120 ఉంటే మామూలని రాసేవారు. తర్వాత ఒక్క గ్లూకోజ్‌నే పట్టుకునే ఎంజైమ్ పద్ధతులు వచ్చాయి. కొలిచే తీరు మారినా నోటి లెక్క మారలేదని, ఆ పాత అంకెలే తరం నుంచి తరానికి అందుతూ వచ్చాయని నా నమ్మకం. ఇవాళ పరగడుపున 118 వస్తే ‘పర్లేదు, 120 లోపే ఉంది’ అని రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేస్తున్నాం. ఇప్పటి ప్రమాణాల్లో 118 మామూలు కాదు.

ఇప్పటి హద్దులు ఇవి. కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా, సిర నుంచి తీసిన రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. 126 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మధుమేహం. ఈ రెంటికీ మధ్య ఉన్నది ప్రీడయాబెటిస్, జనం మాటలో ‘బార్డర్’. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి రెండు గంటలకు చూస్తే 140 లోపు మామూలు, 200 నుంచి మధుమేహం. మూడు నెలల షుగర్ పరీక్ష అని మనం పిలుచుకునే హెచ్‌బీఏ1సీ 5.7 శాతం లోపు మామూలు, 6.5 నుంచి మధుమేహం. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నవారికి ఏ వేళ చూసినా 200 దాటితే అదీ మధుమేహమే. ఈ లక్షణాలేవీ లేనివారికి మాత్రం ఒక్క ఫలితంతో ముద్ర వేయకూడదు, రెండు ఫలితాలు ఒకే మాట చెప్పాలి. వయసుతో ఈ హద్దులు సడలవు కూడా. పరగడుపు చక్కెర పదేళ్లకు ఒకటి రెండు మిల్లీగ్రాములు పెరగడం నిజమే. ‘డెబ్బై దాటినవాళ్లకు 140 మామూలే’ అనే మాటకు మాత్రం ఆధారం లేదు.

శరీరం ఈ చక్కెరను ఎంత పొదుపుగా నడుపుతుందో గమనిస్తే ఆశ్చర్యం వేస్తుంది. పెద్దవాళ్లలో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లెక్కన మొత్తం రక్తంలో ఏ క్షణాన చూసినా ఉండేది ఐదు గ్రాముల గ్లూకోజ్, అంటే ఒక చెంచాడు. మెదడొక్కటే రోజుకు 120 గ్రాముల దాకా ఖర్చుచేస్తుంది. మనం ఒక్కపూట తినే అన్నం నుంచే రక్తంలోని ఆ చెంచాడుకు ఎన్నో రెట్లు చక్కెర వచ్చి పడుతుంది. అయినా అటు ఇన్సులిన్, ఇటు గ్లూకగాన్ పట్టి ఉంచడం వల్ల ఆ చెంచాడు చెంచాడుగానే ఉంటుంది. భోజనం వచ్చినప్పుడు కాలేయం దాచుకుంటుంది, రాత్రివేళ కొంచెం కొంచెంగా వదులుతుంది. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరగడంతో కాలేయం మరికాస్త ఎక్కువ వదులుతుంది. రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున అంకె పెరిగిందని మధుమేహులు వాపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. చక్కెర 180 దాటేవరకు మూత్రపిండాలు దాన్ని బయటికి పోనివ్వవు. మూత్రానికి చీమలు పడితేనే షుగర్ అనుకున్న కాలంలో 126 నుంచి 180 మధ్య ఉన్నవాళ్లంతా తమకేమీ లేదనే అనుకుని బతికారు.

అసలు 126 అనే అంకె ఎలా వచ్చింది? చక్కెర 125 ఉన్న మనిషికీ 126 ఉన్న మనిషికీ ఒంట్లో ఏ తేడా ఉండదు. రక్తంలో చక్కెర ఒక ఏటవాలు నేల లాంటిది, దాని మీద గీత ఎక్కడ గీయాలో మనుషులు కూర్చుని తేల్చుకోవాలి. ఆ గీతకు ఆధారం దొరికింది ఎక్కువగా అమెరికాలోని అరిజోనాలో, గిలా నది పక్కన నివసించే పీమా ఆదివాసుల దగ్గర. ప్రపంచంలో మధుమేహం బాగా ఎక్కువగా కనిపించిన సమాజాల్లో అదొకటి. 1965 నుంచి దశాబ్దాల తరబడి వాళ్లకు గ్లూకోజ్ తాగించి పరీక్షలు చేశారు, కళ్లు చూశారు. ఒక స్థాయి దాకా కంటి రెటీనాలోని సన్నని రక్తనాళాలు చెడిన జాడ దాదాపు లేదు. ఆ స్థాయి దాటాక అది గబగబా పెరిగింది. గీత అక్కడ గీశారు. రిపోర్టులో మధుమేహం అని రాసిన అంకె వెనక ఉన్న ప్రశ్న ‘ఈ మనిషి కళ్లు చెడే దారిలో ఉన్నాడా’ అన్నదే. గుండె సంగతి ఆ గీత చెప్పదు. గుండెజబ్బు ముప్పు అంతకంటే చాలా కిందినుంచే, ప్రీడయాబెటిస్ దశ నుంచే పెరుగుతూ వస్తుంది.

1979లో అమెరికా నిపుణుల బృందం పరగడుపు హద్దును 140గా పెట్టింది. గ్లూకోజ్ తాగాక రెండు గంటలకు 200 దాటినవారిలో చాలామందికి పరగడుపున 140 రావడం లేదని తర్వాత తేలింది. రెండు పరీక్షలు రెండు రకాల మనుషులను పట్టుకుంటున్నాయన్నమాట. పీమాల లెక్కలతోపాటు ఈజిప్టు, అమెరికా జాతీయ సర్వేల లెక్కలు కూడా చూసి 1997లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ హద్దును 126కు దించింది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్నే తీసుకుంది. అప్పటిదాకా 130తో ‘మామూలు’గా తిరిగినవాళ్లు ఒక్కసారిగా మధుమేహులయ్యారు. 2003లో ప్రీడయాబెటిస్ కింది హద్దును కూడా అదే సంఘం 110 నుంచి 100కు దించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 110 దగ్గరే ఉండిపోయింది. అందుకే పరగడుపున 104 వచ్చిన ఒకే రిపోర్టు ఒక పుస్తకంలో మామూలు, ఇంకో పుస్తకంలో బార్డర్. ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబితే ఎవరో ఒకరు తప్పు చెప్పారని అనుకోనక్కర్లేదు. 104 వచ్చిన మనిషికి నడుము చుట్టుకొలత ఎంత, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా, కిందటేడు ఎంత ఉంది అన్నవే అసలు తేల్చాల్సిన విషయాలు.

కొలమానాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మనదేశంలో, అమెరికాలో మిల్లీగ్రాముల లెక్క. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో మిల్లీమోల్ లెక్క. లండన్ నుంచి కొడుకు ఫోన్ చేసి పరగడుపున 5.8 వచ్చిందంటే గుంటూరులో తల్లికి అర్థం కాదు. ఆ అంకెను 18తో గుణిస్తే 104 వస్తుంది. బ్రిటన్‌లో హెచ్‌బీఏ1సీని కూడా శాతంగా రాయరు. మన 6.5 అక్కడ 48.

ఇక ల్యాబ్. సిర నుంచి తీసిన రక్తం గొట్టంలో ఉన్నంతసేపూ అందులోని కణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. ఏ జాగ్రత్తా తీసుకోకపోతే గంటకు ఐదారు శాతం చొప్పున చక్కెర తరిగిపోతుంది. ఊళ్లో పొద్దున్నే తీసిన నమూనా బస్సెక్కి పట్నం ల్యాబ్‌కు చేరేసరికి మూడు గంటలు పడితే, 126 కాస్తా 105 దగ్గరకు వచ్చినా వింత లేదు. బూడిదరంగు మూత ఉన్న గొట్టంలో ఫ్లోరైడ్ ఉంటుంది, అది కణాల ఈ తిండిని ఆపుతుంది. అయితే అది పూర్తిగా పనిచేయడానికే గంటకు పైగా పడుతుంది, మొదటి గంటలో పోయేది పోతూనే ఉంటుంది. మనదేశంలో మామూలు అని వచ్చిన రిపోర్టుల్లో కొన్ని ఇలా దారిలో మామూలైనవే. ఆలస్యమయ్యే సందర్భంలో గొట్టాన్ని ఐసులో ఉంచాలి, లేదా వెంటనే ప్లాస్మాను వేరుచేయాలి. నమూనా ఎప్పుడు తీశారు, ఎప్పుడు యంత్రంలో పెట్టారు అని అడిగే హక్కు డబ్బు కట్టిన ప్రతి మనిషికీ ఉంది. అడగాలి కూడా.

పరీక్షకు వెళ్లేవారు తెలియక చేసే పనులూ కొన్నున్నాయి. పరగడుపు అంటే మంచినీళ్లు తప్ప ఇంకేమీ లేకపోవడం. పంచదార వేయని పాల కాఫీ తాగినా అది పరగడుపు కాదు. గ్లూకోజ్ పరీక్షకు ముందు భయపడి మూడు నాలుగు రోజులు అన్నం మానేసి వెళ్లేవాళ్లున్నారు. దానివల్ల ఒళ్లు గ్లూకోజ్‌ను వాడుకునే అలవాటు కాస్త తప్పుతుంది, రెండు గంటల అంకె అబద్ధంగా ఎక్కువ వస్తుంది. పరీక్షకు ముందు మూడు రోజులు రోజూ తినేదే తినాలి. పరీక్ష జరిగే రెండు గంటలూ కూర్చునే ఉండాలి.

మన ల్యాబ్‌ల్లో ఎక్కువగా చేసేది ఈ గ్లూకోజ్ పరీక్ష కాదు. పరగడుపున ఒకసారి రక్తం ఇచ్చి, పక్కనే ఉన్న హోటల్లో టిఫిన్ తిని, రెండు గంటలకు మళ్లీ ఇస్తారు. దాన్ని పీపీబీఎస్ అంటారు. ఒకరు రెండు ఇడ్లీలు తిని వస్తారు, ఇంకొకరు పూరీ తిని, పైన తీపి కాఫీ తాగి వస్తారు. మొదటి ముద్ద నుంచి రెండు గంటలు లెక్కపెట్టేవారు కొందరు, చెయ్యి కడుక్కున్నాక లెక్కపెట్టేవారు కొందరు. లెక్క మొదలవ్వాల్సింది మొదటి ముద్ద నుంచే. 140, 200 హద్దులు 75 గ్రాముల గ్లూకోజ్‌కు పెట్టినవి, టిఫిన్‌కు పెట్టినవి కావు. షుగర్ ఇప్పటికే ఉన్నవారికి మందు ఎంతవరకు పనిచేస్తోందో చూసుకోవడానికి పీపీబీఎస్ బాగా పనికొస్తుంది. కొత్తగా షుగర్ ఉందో లేదో తేల్చడానికి దాని మీదే ఆధారపడటం సరికాదు.

వేలి మీద గుచ్చి చూసే గ్లూకోమీటర్ ఇంటింటికీ వచ్చింది. అది మంచి మార్పు. కానీ ఆ యంత్రానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణమే 100 పైన ఉన్న అంకెల్లో 15 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటుంది. అసలు విలువ 120 అయితే మీటరు 102 చూపినా, 138 చూపినా అది ప్రమాణం తప్పినట్టు కాదు. మామిడిపండు ఒలిచిన చేత్తో, కడుక్కోకుండా గుచ్చితే వేలికంటిన రసం చక్కెరే లెక్కలోకి వస్తుంది. రక్తహీనత ఉన్నవారిలో మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. మూత సరిగా పెట్టని స్ట్రిప్పుల డబ్బా కోస్తా ఉక్కపోతకు పాడవుతుంది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ముప్పై ఏళ్లు దాటినవారికి ఇంటి దగ్గరో ఉపకేంద్రంలోనో మీటరుతో చూసి, 140 దాటినవారిని డాక్టరు దగ్గరికి పంపుతారు. అంకె ఎక్కువ వచ్చిందంటే జబ్బు ఖాయమని కాదు, సిర రక్తంతో మళ్లీ చూడాలని అర్థం. చాలామంది ఆ రెండో పరీక్షకు వెళ్లకుండానే ఆగిపోతారు, లేదా ఎవరో చెప్పిన మాత్ర మొదలుపెడతారు. రెండూ ప్రమాదమే.

ఈ గొడవలన్నీ లేని పరీక్షగా హెచ్‌బీఏ1సీ పేరు తెచ్చుకుంది. పరగడుపు అక్కర్లేదు, ఏ వేళైనా ఇవ్వొచ్చు. 1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహబర్ అనే వైద్యుడు మధుమేహుల రక్తంలో ఒక ప్రత్యేకమైన హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండటం గమనించారు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, ఆ కాలమంతా చక్కెర దానిలోని హిమోగ్లోబిన్‌కు కొద్దికొద్దిగా అంటుకుంటూ ఉంటుంది. ఎంత అంటుకుందో కొలిస్తే గడిచిన కొన్ని వారాల సగటు తెలుస్తుంది. అందులో చివరి నెలదే దాదాపు సగం వాటా. 2010 నుంచి మధుమేహ నిర్ధారణకు కూడా దీన్ని వాడుతున్నారు.

ఇది నిలబడాలంటే ఒక షరతు ఉంది. ఎర్రకణం మామూలు ఆయుష్షు బతకాలి. మనదేశంలో 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనతలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఐరన్ మాత్రలు వేసుకుంటే, తిండి ఏమీ మార్చకపోయినా, దిగివస్తుంది. అంటే ఇనుము తక్కువున్న నలభై ఏళ్ల స్త్రీకి 5.9 వస్తే ఆమెకు ప్రీడయాబెటిస్ అని వెంటనే చెప్పేయడం అన్యాయం. ముందు హిమోగ్లోబిన్, దాంతోపాటు పరగడుపు గ్లూకోజ్ చూడాలి. దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవారికి, రక్తం ఎక్కువగా పోయినవారికి, ఎర్రకణాలు త్వరగా విరిగిపోయే జబ్బులున్నవారికి, కిడ్నీ జబ్బుతో ఎరిత్రోపోయెటిన్ ఇంజెక్షన్లు తీసుకునేవారికి అంకె అబద్ధంగా తక్కువ వస్తుంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ లక్షణం ఉన్న కుటుంబాలున్నాయి. వాళ్ల హెచ్‌బీఏ1సీని కొన్ని యంత్రాలు సరిగా చదవలేవు. ఈ పరీక్షను ఇక్కడి రక్తానికి కళ్లుమూసుకుని వాడితే నష్టపోయేది ఎక్కువగా స్త్రీలు, ఆదివాసులు. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలో హెచ్‌బీఏ1సీ పక్కనే హిమోగ్లోబిన్ అంకె కూడా ఉంటుంది. ఆ రెంటినీ కలిపి చదివేవారు తక్కువ కావడం నన్ను బాధపెట్టే విషయం.

జబ్బు లేనివాళ్లు కూడా చేతికి సెన్సర్ అంటించుకుని రోజంతా చక్కెర చూసుకోవడం ఇప్పుడు నగరాల్లో మొదలైంది. దోసె తిన్న గంటకు 150 కనపడగానే భయపడిపోతున్నారు. మధుమేహం లేని పిల్లలు, పెద్దల మీద అమెరికాలో సెన్సర్లతో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో రోజంతటి సగటు చక్కెర 100కు కాస్త లోపల ఉంది, అరవై దాటినవారిలో 104. రోజులో దాదాపు 96 శాతం సమయం 70కీ 140కీ మధ్యే గడిచింది. సుమారు అరగంట 140 దాటింది, పావుగంట 70 కిందికి వెళ్లింది. వీళ్లంతా ఆరోగ్యవంతులే. తిన్న తర్వాత కాసేపు అంకె పైకి లేవడం శరీరం చేసే పని. అది రెండు గంటల్లో దిగుతోందా లేదా అన్నదే చూడాల్సింది.

మామూలు అంకె ఒకటి, మందులు వాడేవారు చేరుకోవాల్సిన అంకె ఇంకొకటి. ఈ రెంటినీ కలిపేయడం వల్ల జరిగే హాని చాలా ఎక్కువ. మధుమేహానికి మందు తీసుకునే చాలామంది పెద్దలకు పరగడుపున 80–130, భోజనం తర్వాత 180 లోపు, హెచ్‌బీఏ1సీ 7 లోపు ఉంటే సరిపోతుంది. ఎనభై ఏళ్లవారికి, గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి 8 వరకు ఉన్నా డాక్టర్లు ఒప్పుకుంటారు. మందులతో ఎలాగైనా 6 కిందికి తేవాలని అమెరికా, కెనడాల్లో పదివేల మందికి పైగా మధుమేహుల మీద చేసిన అకార్డ్ అధ్యయనంలో అలా గట్టిగా దించిన వర్గంలో మరణాలు ఎక్కువయ్యాయి. 2008లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. ‘మా నాన్నగారికి పరగడుపున 128 వచ్చింది, మాత్ర పెంచండి’ అని పట్టుబట్టే పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునే పెద్దవారికి కార్తీక సోమవారం ఉపవాసమో, రంజాన్ రోజో, ఒంట్లో బాగోక అన్నం మానేసిన పూటో చక్కెర 70 కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబడే మాట కనిపిస్తే ముందు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వాలి, పావుగంటకు మళ్లీ చూడాలి. 54 కంటే తగ్గితే మెదడుకే ముప్పు. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బార్డర్‌లో ఉన్నవారి సంఖ్య మనదేశంలో మధుమేహుల కంటే ఎక్కువ. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే అంచనాల్లో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు, ప్రీడయాబెటిస్ ఉన్నవారు 13.6 కోట్లు. అయినా బార్డర్ అనే మాట మన దగ్గర ఊరట మాటగానే వినబడుతుంది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం గ్లూకోజ్ తాగాక 140 దాటిన 531 మందిని మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఏ జోక్యమూ లేకుండా వదిలేసినవారిలో 55 శాతం మంది ఆ మూడేళ్లలోనే మధుమేహులయ్యారు. రోజూ అరగంట నడక, తిండిలో తీపినీ పాలిష్ పట్టిన ధాన్యాన్నీ తగ్గించడం పాటించినవారిలో 39 శాతం మందే అయ్యారు. మెట్‌ఫార్మిన్ మాత్ర వాడినవారిలోనూ ఇంచుమించు అంతే. నడకకు మాత్ర తోడు చేసినా అదనపు లాభం కనబడలేదు. అమెరికాలో ఇలాంటి అధ్యయనంలో బార్డర్ నుంచి జబ్బులోకి జారినవారు ఏడాదికి 11 శాతం, చెన్నైలో 18 శాతం. మనవాళ్లు అంత లావు లేకపోయినా త్వరగా జారిపోతున్నారు. బరువు మామూలుగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మగవాళ్లు ఈ లెక్కను తమదిగానే తీసుకోవాలి. మగవారికి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే, వయసు ఎంతైనా సరే, పరీక్ష చేయించుకోవాలి.

గర్భిణుల హద్దులు వేరు, ఇంకా కింద ఉంటాయి. తల్లి చక్కెర నేరుగా బిడ్డకు వెళుతుంది. ఆమెకు మామూలుగా తోచే అంకె బిడ్డకు ఎక్కువ కావచ్చు. మనదేశంలో ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి రెండు గంటలకు చూసి, 140 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే గర్భధారణ మధుమేహంగా లెక్కించి చికిత్స చేస్తారు. పొద్దున్నే పరగడుపున ఆసుపత్రికి రాలేని పల్లె గర్భిణుల కోసం చెన్నైలో డాక్టర్ శేషయ్య బృందం రూపొందించిన పద్ధతి ఇది.

గీతలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. గ్లూకోజ్ తాగాక రెండు గంటలు కాకుండా ఒక గంటకే చూడాలని 2024లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య ప్రతిపాదించింది. గంటకు 155 దాటితే ప్రమాద దశ, 209 దాటితే మధుమేహం అని దాని లెక్క. పరగడుపు చక్కెర, హెచ్‌బీఏ1సీ, రెండు గంటల అంకె అన్నీ మామూలుగా ఉండి కూడా గంట అంకె పెరిగినవారు తర్వాతి ఏళ్లలో జబ్బులోకి జారడం వేర్వేరు దేశాల్లో చూశారు. ఈ హద్దు ఇంకా అన్ని దేశాల ప్రమాణాల్లోకి రాలేదు. వస్తే మన ల్యాబ్‌ల ముందు బెంచీల మీద రెండు గంటలు కూర్చోవాల్సిన కూలీ మనిషికి ఒక గంట మిగులుతుంది, ఒక పూట పని పోకుండానే పరీక్ష పూర్తవుతుంది. ఇవాళ ‘అంతా నార్మల్’ అని రిపోర్టు పట్టుకుని ఇంటికి వెళ్తున్న కొన్ని కోట్లమంది బార్డర్‌లోకి వచ్చే అవకాశమూ ఉంది.